రంగు దిగే గుడ్డ

మా బావ చనిపోయాడని కోరుట్ల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పెసర చేలో ఉన్నాను. ఫోన్ చేసింది ఆయన షాపు పక్కన ఫోటోలకు అద్దాలు కట్టే భాయ్.

"అన్నా, మీ బావ పోయిండు. షాపులనే. కుర్సీల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. చేతిల కప్పు గూడ గట్లనే ఉన్నది" అన్నాడు.

చాయ్ కప్పా అని అడిగాను.

"కాదన్నా. ఎవలో గెలిచిన కప్పు. ఇత్తడిదా, పూత పూసిందా అని సూస్తుండె."

నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి, అంగీ మార్చుకుని, రుద్రంగి దాకా ఆటోలో, అక్కడి నుంచి బస్సులో పోయాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఆయన మీద కోపమే వచ్చింది. పోయేటప్పుడు కూడా ఒకరి వస్తువును అనుమానిస్తూనే పోయాడు.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. నేను మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. నలుగురిలో నోరు విప్పను. దినాల రోజు నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడలేక వేరే పని చేశాను. అది ఎందుకు చేశానో అక్కడున్న చాలామందికి అర్థం కాలేదు. ముసలాయనకు మతి చలించిందని కొందరు అనుకున్నారట. అందుకే రాస్తున్నాను. మా బావ నాకు ఇష్టమైన మనిషి కాదు. ముందే చెబుతున్నాను.

ఆయన మా అక్క భర్త. మొదట టైలరు. చుట్టుపక్కల ఊళ్ల కబడ్డీ, వాలీబాల్ టీములకు అంగీలు కుట్టేవాడు. తర్వాత అదే షాపులో బంతులు, నెట్లు, షీల్డులు, కప్పులు పెట్టాడు. జగిత్యాల వైపు నుంచి సిరిసిల్ల వైపు దాకా ఎవరు టోర్నమెంటు పెట్టినా కప్పు కోసం ఆయన దగ్గరికి వచ్చేవారు. ఇన్ని టీముల సామాను చేతిమీదుగా పోవడంతో ఏ గుడ్డ ఎవరిదో, ఏ షీల్డు ఎప్పటిదో ఆయనకు గుర్తుండేది. అట్లా ఒకరొకరు పాత వస్తువులు తెచ్చి చూపించడం మొదలుపెట్టారు. తాత గెలిచిన మెడల్. దుబాయిలో కొన్న సంతకం బంతి. ఫలానా ఆటగాడు వేసుకున్నదే అని చెప్పి ఎవరో అంటగట్టిన టీషర్టు. ఈమధ్య హైదరాబాదు నుంచి ఇలాంటివి కొనేవాళ్లు కూడా తిరుగుతున్నారు. అసలుదా, నకలా, ఎంతకు పోతుంది, అన్నీ ఆయన్నే అడిగేవారు. చూసినందుకు ఆయన ఏమీ తీసుకునేవాడు కాదు. తీసుకుంటే మెత్తగా చెప్పాల్సి వస్తుందని కాబోలు.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక తెల్ల దస్తీ ఉండేది. దాని మూల తడిపి వస్తువుకు అద్దేవాడు. గుడ్డ రంగు దిగుతుందా, సిరా కదులుతుందా, పూత ఊడుతుందా అని దస్తీని వెలుగులో పెట్టి చూసేవాడు. సాయంత్రానికి అది నీలం, ఎరుపు, చిలుము పచ్చ మరకలతో నిండిపోయేది. "ఈయన దస్తీలు ఉతికి ఉతికే నా గోర్లు గిట్లయినయ్" అని అక్క చేతులు చూపించేది.

ఒకసారి నేను షాపులో ఉండగా మస్కట్ నుంచి వచ్చిన ఒకాయన క్రికెట్ బ్యాటు తెచ్చాడు. పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు తువ్వాలలో చుట్టి తెచ్చాడు.

"టీం మొత్తం సంతకాలు వెట్టిండ్రు" అన్నాడు.

బావ భూతద్దం పెట్టి చూశాడు. దస్తీ తడిపి అద్దాడు. దస్తీ తెల్లగానే ఉంది.

"అందరు ఒక్కతీరుగ ఒత్తి రాసిండ్రా? ఒక్కనికన్న చెయ్యి తేలిక లేదా?"

"అంటే?"

"అంటే మిషన్ రాసింది. ప్రింటు గిది."

"సర్టిఫికెట్ గూడ ఇచ్చిండ్రు గదా."

"అది గూడ ప్రింటే."

ఆయన బ్యాటును ఇటూ అటూ తిప్పి, "మరి దీన్నేం జెయ్యాలె?" అన్నాడు.

"పోరగాండ్లకియ్యి. ఆడుతరు. అప్పుడన్న అది బ్యాటైతది."

ఆ మనిషి తువ్వాల మళ్లీ చుట్టుకుని పోయాడు. ఎండలో రెండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి ముఖం అది. అదే మాట కూర్చోబెట్టి, నీళ్లిచ్చి చెప్పవచ్చు. నేను అదే అన్నాను. బావ భూతద్దం తుడుచుకుంటూ, "బామ్మర్దీ, వస్తువు అబద్ధమాడది. తెచ్చినోడు ఆడుతడు, లేకుంటె అమ్మినోడు ఆడుతడు. నీళ్లిస్తె ప్రింటు సంతకమైతదా?" అన్నాడు.

ఆయన మాటలన్నీ ఇట్లాగే ఉండేవి. "ధర కొనేటోని కండ్లల్ల ఉంటది, నిజం కుట్టుల ఉంటది" అనేవాడు. ఒక తల్లి తన కొడుకు మెడల్ తెచ్చి ఏడిస్తే, "ఏడ్సినంత మాత్రాన రేకు బంగారం గాదు చెల్లె" అన్నాడట. ఆమె చాలా రోజులు ఆ బజారు వైపే రాలేదు.

ఆయనా ఒకసారి తప్పు చెప్పాడు. ఫోటోల భాయ్ తన చిన్నాయన హాకీ కర్రను చూపిస్తే, పట్టుకునే చోట చుట్టిన గుడ్డ కొత్తదని, కర్ర నకలని తేల్చేశాడు. పాత గుడ్డ ఊడిపోతే కొత్తది చుట్టామని భాయ్ చెప్పినా వినలేదు. తర్వాత ఆ చిన్నాయనతో ఆడిన ముసలాయన ఒకరు వచ్చి కర్ర మీద తాను కత్తితో గీసిన గుర్తు చూపించాడు. బావ క్షమించమనలేదు. ఆ సాయంత్రం భాయ్ షాపులోకి పోయి, మాట్లాడకుండా చాయ్ తాగి, కర్రను తెచ్చి తన షాపులో అందరికీ కనిపించే చోట నిలబెట్టాడు. "తప్పయిందన్న మాట మీ బావ నోట్లెకెల్లి రాదన్నా. గందుకే చాయ్ తాగిపోయిండు" అని భాయ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నా ఇంట్లో ఆయన చేసింది అంత చిన్నది కాదు.

మా తమ్ముడు కబడ్డీ ఆడేవాడు. కూతకు పోతే దొరికేవాడు కాదు. మా ఊరి టీముకు అంగీలు లేకపోతే బావే కుట్టాడు. ఊరి యువజన సంఘం దగ్గర ఉన్న డబ్బుకు మంచి గుడ్డ రాలేదు. సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, లోపలి లంగలకు నేసే చౌక గుడ్డ, ఎర్రది, ఒక తాను తెచ్చి కుట్టాడు. ఒకసారి వేసుకుంటే చెమటకు రంగు దిగి ఒళ్లంతా ఎర్రగా అయ్యేది. ఏ ఊరికి పోయినా "లంగల టీం వచ్చింది" అని నవ్వేవాళ్లట. ఆటగాళ్లకు తలకొట్టేసినట్టుండేది. టెరికాట్ అని చెప్పుకునేవాళ్లు.

ఫైనల్ సిరిసిల్లలో జరిగింది. ఆ రోజు మాకు నీటి వంతు. నేను పోలేదు. చూసినవాళ్లు చెప్పిందే నాకు తెలుసు. ఆఖరి కూత మా తమ్మునిది. సిరిసిల్ల వాళ్లలో ఒకాయన, సాంచాల మీద పనిచేసే బలమైన మనిషి, వెనక నుంచి అంగీ కొస పట్టుకున్నాడు. మంచి గుడ్డ అయితే తమ్ముడు అక్కడే ఆగిపోయేవాడు. లంగ గుడ్డ చినిగింది. కొస ఆయన చేతిలో ఉండిపోయింది, తమ్ముడు నడిమి గీత దాటి పడ్డాడు. కప్పు మాకు వచ్చింది.

ఆ రోజుల్లో అంగీ ఆటగానిది కాదు. సంఘానిది. ఆట కాగానే అన్నీ ఉతికించి సంఘం పెట్టెలో పెట్టేవాళ్లు. మళ్లీ ఆటకు ఎవరికి సరిపోయేది వాళ్లు వేసుకునేవారు. గెలిచాక టీముకు మంచి టెరికాట్ అంగీలు, అదే ఎరుపువి, ఎవరో దాత కుట్టించి ఇచ్చాడు. కొన్నేళ్లకు సంఘం మూతపడింది. పెట్టెలోవి ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. ఏది ఎవరిదో అడిగినవాళ్లు లేరు.

తమ్ముడు గల్ఫుకు పోయాడు. మూడో ఏడు పెట్టెలో వచ్చాడు. ఎక్కువ రాయలేను. పెట్టె తెరవనివ్వలేదు. మా అమ్మకు వాని ముఖం కూడా దక్కలేదు. ఆమె రోజూ అడిగింది ఒక్కటే. "వాడు తొడిగింది ఏదన్న ఉంటె ఇయ్యుండ్రి." గల్ఫుకు పోయేటప్పుడు పాత బట్టలన్నీ పంచిపెట్టి పోయాడు. ఇంట్లో ఏమీ లేదు.

అప్పుడు టీము కెప్టెన్ వచ్చాడు. ఒక ఎర్ర అంగీ తెచ్చి, ఊళ్లోవాళ్లు చూస్తుండగా అమ్మ ఒళ్లో పెట్టాడు. "ఫైనల్ల తొడిగిన అంగి ఇదే పెద్దమ్మా. చినిగిన కాడ అతుకు ఏపిచ్చినం" అన్నాడు. కొస దగ్గర అతుకు ఉంది. నమ్మి ఇచ్చాడో, తెలిసి ఇచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ దాన్ని మడిచి దిండు కింద పెట్టుకునేది. ఉతకనివ్వలేదు. ఆ అంగీ వచ్చాక ఆమె అన్నం తినడం మొదలుపెట్టింది.

ఆ ఏడు బోనాలకు అక్క, బావ వచ్చారు. చుట్టాలందరూ ఉన్నారు. అమ్మ అంగీ తెచ్చి బావకు చూపించింది. "నువ్వు కుట్టిందే గదా అల్లుడా, సూడు" అంది మురిపెంగా. బావ తీసుకున్నాడు. తిప్పి చూశాడు. జేబులోంచి దస్తీ తీసి, చెంబులో ముంచి, కొసకు అద్దాడు. 

"ఇది మనోనిది గాదు అత్తమ్మా" అన్నాడు.

దస్తీని అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు.

"ఇది టెరికాట్. నేను కుట్టింది లంగ గుడ్డ. గా గుడ్డ ఇన్నేండ్లకు గూడ రంగు దిగుతది. దీనికి సుక్క దిగలే. కుట్టు గూడ నాది గాదు. నాకు ఆ రోజు ఎర్ర దారం అయిపోతె లోపటి కుట్టు నల్ల దారంతోని ఏసిన. నకలిది."

"ఇగ ఊకో బావా" అన్నాను.

"ఎందుకు ఊకోవాలె? ఎవనిదో చెమట తెచ్చి ఆమె నెత్తి కింద వెడితె నువ్వెట్ల ఊకున్నవ్?"

అమ్మ అంగీ తీసుకుని లోపలికి పోయింది. ఆ పూట తినలేదు. మరునాడూ తినలేదు. నేను జీవితంలో ఒక్కసారే గట్టిగా మాట్లాడాను. "మళ్ల నా గడప తొక్కకు" అన్నాను. బావ చెప్పులు వేసుకుని, "తొక్క" అన్నాడు. అక్క ఇద్దరి మధ్యా నిలబడి, "ఇద్దరికిద్దరు దొరికిండ్రు నా పానానికి" అని ఏడ్చింది.

ఆ రోజు నేనన్నది తప్పని ఇప్పటికీ అనుకోను. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. నిజానికి చోటూ వేళా ఉంటాయి. ఆ మాట ఆయనకు ఎవరూ నేర్పలేదు.

ఆయన నా మాటను అక్షరాలా పట్టాడు. నా బిడ్డ పెండ్లికి వచ్చి, బయట టెంటు కింద కూర్చుని తిని, అక్షింతలు అక్కడి నుంచే వేసి పోయాడు. లోపలికి రమ్మని పిలవడానికి మా ఆవిడ పోతే, "గడప తొక్కొద్దన్నడు, టెంటు సంగతి అనలే" అన్నాడట. తిన్నాక, "పప్పుల ఉప్పు తక్కువైంది, మీ మొగనికి జెప్పు" అని కూడా చెప్పి పంపాడు. అట్లాంటి మనిషి.

ఆ ఏళ్లన్నీ ఆయన తమ్ముని అసలు అంగీ కోసం వెతుకుతున్నాడని నాకు తెలియదు. అక్క కూడా చెప్పలేదు. పాత టీములోని వాళ్ల ఇండ్లకు పోయి పెట్టెలు తీయించేవాడట. "నీ పెండ్లాం ఎరుగదు, నువ్వెరుగవు, జర పాత గుడ్డలు తియ్యి" అనేవాడట. కొందరు కుక్కను వదిలినంత పని చేశారు. కెప్టెన్ అయితే, "ముసలోడు నన్ను దొంగను జేస్తుండు" అని ఊరంతా చెప్పాడు. ఇంటింటా దొరికింది టెరికాటే. లంగ గుడ్డవి ఎవరూ దాచుకోలేదు. దాచుకోవడానికి సిగ్గు. నకలుదే అందంగా ఉంది, అందరూ దాన్నే ఉంచుకున్నారు.

అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చిందట. గెలిచినవాళ్లకు సిగ్గయితే, ఓడినవాళ్లను అడగాలి. సిరిసిల్లకు పోయాడు. ఆ రోజు అంగీ పట్టుకున్న మనిషి కోసం సాంచాల షెడ్లన్నీ తిరిగాడు. దొరికాడు. ఇంకా పనిలోనే ఉన్నాడు. ఆయన సాంచా పక్క ఇనుప కడ్డీకి ఎర్ర గుడ్డ పేలిక కట్టి ఉంది. నూనె పట్టి నల్లబడింది.

ఆ తర్వాత జరిగింది బావ నోటితోనే విన్నాను. ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు ఆటో ఆగింది. బావ దిగి, గడపకు ఇవతలే నిలబడ్డాడు. అమ్మ అప్పటికి మంచం పట్టి ఉంది. నేను గుమ్మంలోకి వచ్చాను. ఇద్దరమూ చూసుకున్నాం. నేను, "లోపటికి రా" అన్నాను. నాకు ఆ మాట అనడం ఎంత కష్టమైందో దేవునికి తెలుసు.

"నువ్వు పిలిస్తె వచ్చేటోన్ని గాదు. అత్తమ్మను పిల్వమను" అన్నాడు.

అమ్మ లోపలి నుంచి వింది. "రా కొడుకా" అంది.

అప్పుడు వచ్చాడు. మంచం పట్టె మీద కూర్చుని, జేబులోంచి ఒక పొట్లం తీసి, అందులోని పేలికను అమ్మ అరచేతిలో పెట్టాడు.

"ఇది మనోనిది అత్తమ్మా. నేను సూసిన."

అమ్మ దాన్ని కండ్ల దగ్గర పెట్టుకుంది. "ఇంతనేనా? మిగిలింది ఏది?" అని అడిగింది.

ఏదో ఒకటి చెప్పవచ్చు. కాలిపోయిందనో, నది పాలైందనో. బావ, "తెల్వది. దొరకలే" అన్నాడు.

తర్వాత సిరిసిల్లలో జరిగింది చెప్పాడు. ఆ మనిషి ముందు ఇవ్వనన్నాడట. "నేను నేసిన గుడ్డ నా చేతులనే చినిగి నన్ను ఓడగొట్టింది. యాదికుండాలెనని కట్టుకున్న. గెలుపు మీరు తీస్కపోయిండ్రు, ఓటమి గూడ గావాల్నా?" అన్నాడట. బావ అమ్మ సంగతి చెప్పాడు. ఆయన సాంచా ఆపి, పేలిక విప్పి, రెండుగా చింపాడు. సగం మళ్లీ కడ్డీకి కట్టుకున్నాడు. సగం బావ చేతిలో పెట్టాడు.

బావ దస్తీ తడిపి పేలిక కొసకు అద్దాడు. ఎర్రగా దిగింది. లోపలి కుట్టు తిప్పి నాకు చూపించాడు. నల్ల దారం. "కుట్టినోన్ని నేను. నా కుట్టు నాకు తెల్వదా" అన్నాడు. నేను మళ్లీ అద్దబోతే చెయ్యి పట్టి ఆపాడు. "పరీచ్చ వెట్టినప్పుడల్ల గింత రంగు పోతది బామ్మర్దీ. ఊకూకె వెట్టకు. నమ్మిందాన్ని నమ్ము."

ఆ రోజు అన్నం తిన్నాడు. కూరలో కారం ఎక్కువైందన్నాడు. పోయేటప్పుడు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మాట్లాడితే పాతది లేస్తుందని ఇద్దరికీ తెలుసు.

అమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు. పేలికను పిడికిట్లోనే పెట్టుకుని ఉండేది. ఆఖరికి దాన్ని నా చేతికి ఇచ్చింది. దిండు కింద అంగీని కెప్టెన్ వచ్చి అడిగి తీసుకుపోయాడు. నేను ఇచ్చేశాను. అది మాది కాదు.

ఇక దినాల సంగతి. అక్క ఇంటి ముందు టెంటు వేశారు. భోజనాలయ్యాక, పాత ఆటగాళ్లు నాలుగు మాటలు మాట్లాడదామన్నారు. కుర్చీలు సర్దారు. బల్ల మీద బావ ఫోటో, పూలదండ. మాట్లాడినవాళ్లలో సగం మంది ఆయన్ను బతికి ఉండగా తిట్టినవాళ్లే. మహానుభావుడన్నారు. నిజానికి నిలువుటద్దం అన్నారు.  కుక్కను వదలబోయిన ఆయన కూడా కండ్లు తుడుచుకున్నాడు.

అంతకు ముందే కెప్టెన్ నన్ను పక్కకు పిలిచాడు. ఇప్పుడు ఆయన పెద్దమనిషి. ఆ అంగీని అద్దాల చట్రంలో పెట్టించి తెచ్చాడు. హైదరాబాదు నుంచి పాత ఆటవస్తువులు కొనే ఒకాయనను కూడా వెంట తెచ్చాడు. అక్కడ ఒక పెద్ద హాలులో వాటిని జనం చూడటానికి పెడతారట.

"అన్నా, కింద నీ తమ్ముని పేరు రాసి వెడుతరు. వచ్చినోళ్లంత సదువుతరు. మీ బావ సూసి ఒప్పుకున్నడని నేను జెప్పిన. నువ్వు అవునంటె సాలు."

"ఆయన ఒప్పుకోలే గదా" అన్నాను.

"సచ్చినోడు లేసొచ్చి కాదంటడా? పాతది తవ్వకు. వాని పేరు నిలవడుతది. గది సూడు."

నేను చట్రంలోని అంగీని చూశాను. ఇక్కడ అబద్ధం రాయను. మా తమ్ముని పేరు అద్దాల వెనక ఉంటుందంటే ఆశ పుట్టింది. వాని పేరు ఎక్కడా లేదు. మా ఊళ్లో ఇప్పటి పిల్లలకు వాడెవడో తెలియదు. నేను పోతే అసలే ఉండదు.

సభలో కెప్టెన్ చట్రాన్ని బల్ల మీద, బావ ఫోటో పక్కన నిలబెట్టాడు. "పెద్దాయన ఆఖరిగ సూసి, అసలుదే అన్న అంగి ఇది. ఆయన బామ్మర్ది గిక్కడనే ఉన్నడు. ఆయన తమ్ముడే తొడిగింది. అడుగుండ్రి" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను.   బావ ఫోటో చూశాను. ఫోటోలో కూడా ఎవరి వస్తువునో అనుమానిస్తున్నట్టే ఉంది ముఖం. అప్పుడు ఆయన మీద కంటే ఆ కుర్చీల్లోవాళ్ల మీద ఎక్కువ కోపం వచ్చింది. నన్ను ఏడిపించిన నోరు అది. తిట్టాలంటే నేను తిట్టాలి. ఆ నోట్లో ఇంకొకరు అబద్ధం పెట్టడానికి వీల్లేదు.

చట్రం కట్టిన ఫోటోల భాయ్ వెనక వరసలో ఉన్నాడు. "భాయ్, ఎనక మేకులు తియ్యి" అన్నాను. అంతే అన్నాను. ఆయన కెప్టెన్ వైపు చూడలేదు. వచ్చి మేకులు లాగాడు.

ఆ పొద్దున అక్క కొడుకు వేసిన కొత్త తెల్ల తువ్వాల నా భుజం మీద ఉంది. దాని ఒక మూలను మంచినీళ్ల గ్లాసులో ముంచి అంగీ కొసకు అద్దాను. అద్ది అందరికీ చూపించాను. నీళ్ల తడి తప్ప ఏమీ లేదు. తర్వాత నా జేబులోంచి పేలిక తీశాను. ఊకూకె పెట్టకు అన్నాడు బావ, మాటిమాటికీ వద్దని. అమ్మ పోయాక ఒక్కసారి కూడా పెట్టలేదు. ఆ రోజు పెట్టాను. తువ్వాల పక్కనే ఎర్రగా అయింది. పేలిక ఆ మేరకు వెలిసింది. లోపలి కుట్టు తిప్పి బల్ల మీద ఉంచి, వచ్చి కూర్చున్నాను.

 హైదరాబాదు ఆయన లేచి పేలికను చూశాడు. వంగి చాలాసేపు చూశాడు. "ఇది ఇస్తారా?" అని మర్యాదగా అడిగాడు. ఇవ్వనని తల ఊపాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

కెప్టెన్ చట్రం ఎత్తుకుని నా పక్క నుంచి పోతూ ఆగాడు. "నీ తమ్ముని పేరు నీ చేతులతోనే తుడిసినవ్ అన్నా" అన్నాడు.

  తుడిచిన మాట నిజమే.

బావ నిజం చెప్పినందుకు నేను ఆయనకు రుణపడి లేను. నిజం చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు చాలామంది. ఆయన చెప్పి, తిట్లు తిని, గడప బయట నిలబడి, నాకు చెప్పకుండా ఏళ్లతరబడి వెతికాడు. మా అమ్మ చేతిలో పేలిక పెట్టాడు. అందుకు నమస్కారం. మిగతా కోపం నాతోనే ఉండనీ.

మరునాడు పొద్దున ఊరికి బయలుదేరుతుంటే అక్క పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తువ్వాలను ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, "ఆయన పోయిండు, నా గోర్లకు సుట్టీ అనుకున్న. నువ్వు తయారైనవా తమ్మీ? కొత్త తువ్వాల ఖరాబు జేసినవ్" అంది.

బావ దస్తీల పక్కనే తీగ మీద వేసింది. నేను చెప్పులు వేసుకుని తీగ దగ్గరికి పోయాను. ఎండ వచ్చింది. అంగీకి అద్దిన చోట నీళ్ల మరక ఎక్కడుండెనో కూడా తెలియలేదు. దాని పక్కన ఎర్ర మరక అట్లాగే ఉంది.